పేరు తెలిస్తేనే రేవు దాటేది!

ఇంట్లో ఉన్నది ఒకటే కంప్యూటరు. అందులో నాన్న కొబ్బరి లెక్కలు, అక్క పెళ్లి ఫొటోలు, కువైట్ నుంచి బాబాయి రాసిన ఉత్తరాలు. పక్కనే పత్రికతోపాటు ఉచితంగా వచ్చిన లినక్స్ సీడీ. తెర మీద ఒకే ఒక్క ప్రశ్న... 'హెచ్‌డీఏ5ని ఫార్మాట్ చేయమంటారా?' అవునంటే ఏమవుతుంది? ఇరవయ్యేళ్ల కిందట ఎంతోమంది కుర్రాళ్ల చేత చెమటలు కక్కించిన ప్రశ్న ఇది. దాని అర్థం తెలుసుకోవాల్సిన అవసరం ఇప్పుడు మళ్లీ వచ్చింది.

అంతర్వేదిలో నిలబడి 'గోదావరి ఎక్కడండీ?' అని అడిగితే ఎదురుగా కనిపించే నీళ్లవైపు చెయ్యి చూపిస్తారు. కోనసీమ నడిబొడ్డున నిలబడి అదే మాట అడిగితే మాత్రం ఎదురు ప్రశ్న వస్తుంది... 'ఏ పాయండీ?' అని. ధవళేశ్వరం దగ్గర నది గౌతమిగా, వశిష్ఠగా చీలుతుంది. వశిష్ఠ నుంచి మళ్లీ వైనతేయ విడిపోతుంది. వైనతేయ ఓడలరేవు దగ్గర, వశిష్ఠ అంతర్వేది దగ్గర సముద్రంలో కలుస్తాయి. నీరు ఒక్కటే, పేర్లే వేరు. అంతర్వేది నుంచి నరసాపురం వెళ్లాలంటే సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి వశిష్ఠ దాటడం తరతరాల అలవాటు. పాయ పేరు పొరపాటుగా చెబితే మరో రేవులో తేలాల్సిందే!

కంప్యూటరులోని హార్డ్‌డిస్క్ కూడా ఇలాంటిదే. పైకి ఒకటే పెట్టె. లోపల మాత్రం పాయలు పాయలుగా విడదీసి ఉంటుంది. ఆ పాయలనే పార్టిషన్లు అంటారు. విండోస్ వాటిని సీ, డీ, ఈ అని పిలుస్తుంది. యూనిక్స్ కుటుంబానికి చెందిన లినక్స్, బీఎస్‌డీ లాంటివి వేరే పేర్లతో పిలుస్తాయి. ఒకే పాయకు ఇద్దరు చెరో పేరు పెట్టారన్నమాట. కొత్తవాళ్లకు ఇబ్బంది అక్కడే మొదలవుతుంది.

ఒక ఇల్లు అనుకుందాం

2000వ దశకం మొదటి రోజులు. కోనసీమలో ఎన్నో ఇళ్ల నుంచి ఒకరో ఇద్దరో కువైట్, దుబాయ్, మస్కట్‌లలో పనిచేస్తున్నారు. ఉత్తరం రావాలంటే రోజులు లెక్కపెట్టుకోవాలి. ఐఎస్‌డీ బూత్‌కి వెళితే మీటరు తిరిగే వేగం చూసి సగం మాటలు గొంతులోనే ఆగిపోతాయి. అలాంటి ఇంటికి కంప్యూటరు, ఫోను తీగ, ఈ-మెయిల్ వచ్చాయంటే అది సరదా వస్తువు కాదు. గల్ఫ్‌లో ఉన్న మనిషి మాట వినిపించే కిటికీ.

ఆ ఇంట్లో ఇంటర్ చదివే కుర్రాడికి లినక్స్ సీడీ దొరికిందనుకుందాం. పీసీ క్వెస్ట్ లాంటి పత్రికలు అప్పటికే పాఠకులకు లినక్స్ సీడీలు అందిస్తున్నాయి. డబ్బు కట్టక్కర్లేదు. నకలు తీసి స్నేహితులకిచ్చినా తప్పులేదు. 1991లో ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన ఈ వ్యవస్థ, 1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో పుట్టిన యూనిక్స్ బాటలో నడిచేదే. కుర్రాడికి ఉత్సాహం ఆగుతుందా? ఈ డ్రైవ్‌లోని పాటలన్నీ తీసేసి, ఆ చోటు లినక్స్‌కి ఇద్దామనుకున్నాడు. సీడీ పెట్టాడు. తెర మీద సీ లేదు, డీ లేదు, ఈ లేదు. హెచ్‌డీఏ1, హెచ్‌డీఏ2, హెచ్‌డీఏ5, హెచ్‌డీఏ6 అని ఉంది. ఇందులో పాటలున్న ఈ డ్రైవ్ ఏది? అక్క పెళ్లి ఫొటోలున్న డీ డ్రైవ్ ఏది?

అక్షరం డిస్కుది... అంకె పాయది

నిజానికి ఆ పేర్లలో తిరకాసు ఏమీ లేదు. విడదీసి చదివితే చాలు. హెచ్‌డీ అంటే హార్డ్‌డిస్క్. తర్వాత వచ్చే అక్షరం అది ఎన్నో డిస్కో చెబుతుంది. చివరి అంకె ఆ డిస్కులో ఎన్నో పాయో చెబుతుంది. అప్పటి కంప్యూటర్లలో మదర్‌బోర్డు మీద డిస్కులు తగిలించే గూళ్లు రెండుండేవి. ఒక్కో గూటికి ఒక పట్టీ కేబుల్. ఒక్కో కేబుల్‌కి రెండేసి పరికరాలు. మొదటి కేబుల్ మీది పెద్దది హెచ్‌డీఏ, దాని తోడుది హెచ్‌డీబీ. రెండో కేబుల్ మీది పెద్దది హెచ్‌డీసీ, దాని తోడుది హెచ్‌డీడీ. సీడీ డ్రైవ్ సాధారణంగా రెండో కేబుల్‌కే ఉండేది కాబట్టి దాని పేరు హెచ్‌డీసీ అయ్యేది. అంటే ఆ పేరు డిస్కుది కాదు, డిస్కు కూర్చున్న కుర్చీది! ఈ మాట గుర్తుంచుకోండి. కథ చివర్లో అవసరం పడుతుంది.

విండోస్ దారి వేరు. పాతకాలంలో ఏ, బీ అక్షరాలను ఫ్లాపీలకు కేటాయించారు. అందుకే హార్డ్‌డిస్క్ లెక్క సీ నుంచి మొదలైంది. అక్కడ అక్షరం డిస్కుకి కాదు, పాయకి ఇస్తారు. విండోస్ 98 రోజుల్లో దీంతో ఒక తమాషా జరిగేది. పాత డిస్కు పక్కన కొత్త డిస్కు తగిలిస్తే, కొత్తదాని మొదటి పాయ వచ్చి డీ అయి కూర్చునేది. నిన్నటిదాకా డీగా ఉన్నది ఈ అయ్యేది. ఫొటోలు పోయాయని ఇంటిల్లిపాదీ కంగారుపడితే, తీరా చూస్తే అవి పక్క అక్షరంలో భద్రంగా ఉండేవి.

మరో తేడా కూడా ఉంది. విండోస్‌లో ప్రతి పాయా ఒక వేరే ఇల్లు. యూనిక్స్‌లో ఇల్లు ఒకటే. దాని మొదలు ఒక వాలుగీత. పాయలన్నీ ఆ ఇంట్లో గదుల్లా తగిలించుకోవాలి. ఒక పాయను మొదలుకు, ఇంకొకదాన్ని మన ఫైళ్లుండే 'హోమ్' గదికి అని చెప్పాలి. మెమరీ చాలనప్పుడు వాడుకునే 'స్వాప్' అనే చిన్న పాయ అదనం. డిస్కు, మౌస్, ఫోను తగిలించే పోర్టు... ఇవన్నీ యూనిక్స్ కంటికి ఫైళ్లలాగే కనిపిస్తాయి. వాటి పేర్లన్నీ 'డెవ్' అనే ఒకే అరలో ఉంటాయి.

మూడూ నాలుగూ ఏమయ్యాయి?

సరే, అంకెల సంగతి చూద్దాం. 1, 2 తర్వాత ఒక్కసారిగా 5 ఎందుకొచ్చింది? కుర్రాళ్లను ఎక్కువగా తికమక పెట్టింది ఇదే.

అప్పటి డిస్కుల మొదట్లో 512 బైట్ల చిన్న చోటు ఉండేది. డిస్కులో ఏ పాయ ఎక్కడ మొదలవుతుందో రాసిపెట్టే పట్టిక అందులోనే. పట్టికకు దక్కిన చోటు 64 బైట్లు. ఒక్కో పాయ వివరానికి 16 బైట్లు. లెక్క వేస్తే నాలుగు పాయలకే సరిపోతుంది. అంతకుమించి కావాలంటే? నాలుగింటిలో ఒకదాన్ని 'ఎక్స్‌టెండెడ్' అనే పెద్ద సంచీగా మార్చి, దాని లోపల చిన్న పాయలు చేసుకునేవారు. 1 నుంచి 4 వరకు అంకెలు ఆ నాలుగు అసలు పాయలకే. వాడినా వాడకపోయినా ఆ అంకెలు వాటివే. సంచీలోని పాయల లెక్క 5 నుంచి మొదలు.

మన కుర్రాడి డిస్కు చూద్దాం. హెచ్‌డీఏ1 సీ డ్రైవ్. హెచ్‌డీఏ2 సంచీ. హెచ్‌డీఏ5 డీ డ్రైవ్. హెచ్‌డీఏ6 ఈ డ్రైవ్. అతను ఖాళీ చేసింది ఈ డ్రైవ్. 'సీ ఒకటి, డీ రెండు, మిగిలిన అయిదే నా ఈ డ్రైవ్' అనుకుని ఎంటర్ నొక్కితే చెరిగిపోయేది అక్క పెళ్లి ఫొటోలు! ఇంకో చిక్కు కూడా ఉంది. హెచ్‌డీఏ5ని తీసేస్తే హెచ్‌డీఏ6 పేరు కాస్తా హెచ్‌డీఏ5గా మారిపోతుంది. వరసలో ముందున్న మనిషి వెళ్లిపోతే వెనకవాడు ముందుకు జరిగినట్టు.

మరి అప్పట్లో తెలిసినవాళ్లు ఏం చేసేవారు? పేరు చూసి నమ్మకుండా కొలత చూసేవారు. విండోస్‌లో ఉండగానే ఏ డ్రైవ్ ఎన్ని జీబీలో, అందులో ఎంత నిండిందో కాగితం మీద రాసుకునేవారు. లినక్స్ తెర మీద అదే కొలత ఎక్కడుందో చూసి వేలు పెట్టేవారు. రేవులో పడవలన్నీ ఒకేలా ఉన్నప్పుడు రంగు చూసి ఎక్కినట్టన్నమాట.

సున్నాతో తంటా

ఇంతటితో అయిపోతే బాగానే ఉండు. లినక్స్ పాయలను 1 నుంచి లెక్కపెడితే, కంప్యూటరు ఆన్ కాగానే 'విండోస్ కావాలా, లినక్స్ కావాలా' అని అడిగే గ్రబ్ అనే ప్రోగ్రాము అప్పట్లో అన్నిటినీ సున్నా నుంచి లెక్కపెట్టేది. లినక్స్ దృష్టిలో హెచ్‌డీఏ5 అయినది గ్రబ్‌కి 'సున్నా డిస్కు, నాలుగో పాయ'. తర్వాత వచ్చిన గ్రబ్ 2లో పాయల లెక్క 1కి మారింది, డిస్కుల లెక్క మాత్రం సున్నా దగ్గరే ఉండిపోయింది. పాత పుస్తకం చూసి కొత్త కంప్యూటరులో అంకెలు కొడితే తలుపు తెరుచుకోదు.

బీఎస్‌డీ వాళ్ల ఆచారం ఇంకోటి. ఓపెన్‌బీఎస్‌డీలో మొదటి డిస్కు డబ్ల్యూడీ0. దాని పాయలకు అంకెలు కాదు, అక్షరాలు. ఏ అంటే వ్యవస్థ మొదలు, బీ అంటే స్వాప్. సీ అంటే డిస్కు మొత్తం! విండోస్ అలవాటుతో 'సీ అంటే సీ డ్రైవేగా' అనుకుంటే కొంప మునిగినట్టే. ఒకే అక్షరానికి ఒక ఊళ్లో గది అని, పక్క ఊళ్లో ఇల్లంతా అని అర్థం.

ఫోన్లో ఎలకలు!

లినక్స్ ఎక్కింది. ఇప్పుడు రెండో ఘట్టం... ఇంటర్నెట్.

మన దేశంలో సామాన్యులకు ఇంటర్నెట్‌ని వీఎస్ఎన్ఎల్ 1995 ఆగస్టు 15న అందుబాటులోకి తెచ్చింది. తక్కువ ధరకు ఇచ్చే 'షెల్' ఖాతాల్లో బొమ్మలుండేవి కావు, అక్షరాలే. చాలామందికి తెలియని విషయమేంటంటే, ఆ అక్షరాల తెర అవతలివైపున్న యూనిక్స్ కంప్యూటరుదే. 1998 చివర్లో ప్రైవేటు సంస్థలకు తలుపులు తెరిచారు. హైదరాబాద్ సత్యం సంస్థకు అనుబంధమైన సత్యం ఇన్ఫోవే అప్పుడే రంగంలోకి దిగింది. 2000 అక్టోబరు 1న బీఎస్ఎన్ఎల్ ఏర్పడింది. 2002లో, అంతర్వేదికి అవతలి ఒడ్డున ఉన్న పశ్చిమ గోదావరి జిల్లాలో గ్రామీణ ఈ-సేవా కేంద్రాలు వచ్చాయి. వాటిలో చాలావాటిని స్వయం సహాయక సంఘాల మహిళలు నడిపారు. పల్లెకీ కంప్యూటరు తెర పరిచయమైన రోజులవి.

ఇంట్లో నెట్ అంటే మాత్రం డయలప్పే. ఫోను తీగను మోడెమ్‌కి తగిలిస్తే, అది నంబరు తిప్పి అవతలి మోడెమ్‌తో కీచుగా మాట్లాడేది. మనిషి గొంతు కోసం వేసిన తీగ అది. దానిలో మూడొందల నుంచి మూడు వేల నాలుగొందల హెర్ట్జ్ దాకానే ధ్వని పోతుంది. కంప్యూటరు అంకెలను ఆ ఇరుకులోనే శబ్దాలుగా మార్చి పంపాలి. ఆ సమయంలో అమ్మ వంటింటి పక్కనున్న రెండో ఫోను ఎత్తిందా... 'ఒరేయ్, ఫోన్లో ఎలకలు అరుస్తున్నాయేంట్రా!' అనే కేకతోపాటు నెట్ కూడా తెగిపోయేది.

మోడెమ్ పెట్టె మీద 56కే అని ఉండేది. అంత వేగం ఎవరికీ అందేది కాదు. ఇంటి నుంచి టెలిఫోన్ ఎక్స్ఛేంజీ దాకా తప్ప మిగతా దారంతా డిజిటల్‌గా ఉంటేనే ఆ లెక్క నడుస్తుంది. మధ్యలో ఎక్కడైనా పాత పద్ధతి లైను తగిలితే 33.6కో, అంతకన్నా కిందికో పడిపోతుంది. తీగ పొడవు పెరిగితే వేగం తగ్గుతుంది. అతుకులు పెరిగితే ఇంకా తగ్గుతుంది. సముద్రపు ఉప్పుగాలి తగిలేచోట రాగి అతుకులకు చిలుం పడుతుంది. గాలివానకు కొబ్బరిచెట్టు తీగ మీద పడితే అసలుకే మోసం. 1996 నవంబరు 6 నాటి తుపానులో కోనసీమలో లెక్కలేనన్ని కొబ్బరిచెట్లు కూలడం, వాటితోపాటు స్తంభాలూ తీగలూ నేలపాలవడం చూసినవాళ్లు ఇప్పటికీ మరిచిపోరు.

లైను బాగున్న రోజున సెకనుకు నాలుగున్నర కేబీ వచ్చిందనుకుందాం. 5 ఎంబీ పాట దిగడానికి 19 నిమిషాలు. 650 ఎంబీ లినక్స్ సీడీ దిగాలంటే 41 గంటలు, అదీ ఒక్కసారి కూడా తెగకుండా! పత్రికలతో వచ్చే సీడీలకు అంత గిరాకీ ఎందుకుండేదో ఈ లెక్కే చెబుతుంది.

చవక మోడెమ్... ఖరీదైన పాఠం

డయలప్‌లో మొదటి ప్రశ్న కూడా పేరు గురించే... మోడెమ్ ఎక్కడుంది? విండోస్‌లో కామ్1 అనే పోర్టు లినక్స్‌లో టీటీవైఎస్0. కామ్2 అయితే టీటీవైఎస్1. మళ్లీ సున్నా లెక్కే! టీటీవై అంటే టెలిటైప్. తెరలు రాకముందు కంప్యూటరుకు తగిలించిన టైపు యంత్రం పేరు అది. యంత్రాలు మూలపడినా పేరు మిగిలింది. ఎస్ అంటే సీరియల్ పోర్టు. కామ్2లో ఉన్న మోడెమ్‌ని టీటీవైఎస్2 అని రాసి, రాత్రంతా జవాబు కోసం చూసినవాళ్లున్నారు.

పేరు సరిగ్గా రాసినా పలకని మోడెములూ ఉండేవి. ఆ రోజుల్లో అసెంబుల్డ్ కంప్యూటర్లలో ధర తగ్గించడానికి లోపల ఒక చిన్న కార్డు పెట్టేవారు. చూడటానికి మోడెమే. లోపల సగం పని చేసే చిప్పులు ఉండవు. ఆ పనంతా విండోస్‌లోని డ్రైవర్ సాఫ్ట్‌వేర్, ప్రాసెసర్ చేతే చేయించేది. అందుకే వాటిని విన్‌మోడెమ్‌లు అన్నారు. లినక్స్‌లో ఆ డ్రైవర్ లేకపోతే అది వట్టి రేకుముక్క. కొన్ని రకాలకు తర్వాత డ్రైవర్లు వచ్చాయి, చాలావాటికి రాలేదు. బయట పెట్టుకునే సీరియల్ మోడెమ్ ఖరీదు ఎక్కువ. ఎర్ర దీపాలు మిణుకుమిణుకుమనే ఆ డబ్బా మాత్రం ఏ వ్యవస్థకైనా పలికేది. చవకగా వచ్చిందని కొన్నది ఒకే యజమాని మాట వింటుందన్న పాఠం చాలామందికి అక్కడే ఒంటబట్టింది.

అయిదు మెట్లు ఎక్కితేనే...

నెట్ తగలడమంటే ఒకటే పని అనుకుంటాం. నిజానికి అది అయిదు మెట్లు. ఏ మెట్టు దగ్గర జారామో తెలిస్తే బాగుచేసుకోవడం తేలిక. విండోస్ ఈ మెట్లను దాచిపెడితే, లినక్స్ ఒక్కొక్కటీ చూపించేది.

మొదటి మెట్టు పోర్టు. సరైన పేరు చెప్పాలి, దాన్ని వాడే అనుమతీ ఉండాలి. మామూలు వినియోగదారుకి అనుమతి లేకపోతే 'పర్మిషన్ డినైడ్' అంటుంది. 'డయల్‌అవుట్' అనే జట్టులో పేరు చేర్పిస్తే సరి.

రెండో మెట్టు పలకరింపు. మోడెమ్‌కి ఇచ్చే దాదాపు ప్రతి ఆజ్ఞా ఏటీ అనే రెండక్షరాలతో మొదలవుతుంది. అటెన్షన్ అని అర్థం. 1981లో అమెరికాలో హేస్ సంస్థ తెచ్చిన మోడెమ్‌తో మొదలైన భాష ఇది. 'ఓకే' అని జవాబొస్తే మోడెమ్ బతికే ఉందన్నమాట.

మూడో మెట్టు నంబరు తిప్పడం. ఏటీడీటీ అంటే టోన్ పద్ధతి. పాత ఎక్స్ఛేంజీలకు టకటకమనే పల్స్ పద్ధతి కావాలి, దానికి ఏటీడీపీ. 'నో డయల్‌టోన్' అంటే తీగ ఊడిందేమో చూడాలి. తీగ సరిగ్గానే ఉండి, మన టోన్‌ని మోడెమ్ గుర్తుపట్టలేకపోతే 'ఎక్స్3' అని చేర్చి, టోన్ కోసం ఆగకుండా తిప్పమనాలి. 'నో క్యారియర్' అంటే అవతలి మోడెమ్‌తో మాట కుదరలేదని. అన్నీ కుదిరితే 'కనెక్ట్' అని, పక్కన వేగం. కొందరికి 115200 అని కనిపించి సంబరపడేవారు. అది కంప్యూటరుకీ మోడెమ్‌కీ మధ్య వేగం. ఫోను తీగ మీద నడిచేది అందులో సగం కూడా కాదు!

నాలుగో మెట్టు గుమ్మం. పేరు, పాస్‌వర్డ్ చెప్పాలి. ఆ తర్వాత రెండు కంప్యూటర్ల మధ్య పీపీపీ అనే ఒప్పందం కుదురుతుంది. మన కంప్యూటరుకు తాత్కాలికంగా ఒక నంబరు దొరుకుతుంది.

అయిదో మెట్టు చిరునామాల పుస్తకం. చాలామంది బోల్తాపడింది ఇక్కడే. మోడెమ్ కలిసింది, గడియారం తిరుగుతోంది, ఫోను బిల్లు పెరుగుతోంది. పేజీ మాత్రం తెరుచుకోదు. ఎందుకంటే మనం రాసేది వెబ్‌సైట్ పేరు, నెట్‌కి కావాల్సింది నంబరు. పేరును నంబరుగా మార్చే డీఎన్ఎస్ సర్వరు ఎక్కడుందో లినక్స్‌కి చెప్పి ఉండరు. ఆ ఒక్క లైను రాయగానే బాబాయి ఉత్తరం తెర మీద ప్రత్యక్షం!

తర్వాత తర్వాత ఈ మెట్లన్నీ తనే ఎక్కే ప్రోగ్రాములొచ్చాయి. డబ్ల్యూవీడయల్ మోడెమ్ ఎక్కడుందో వెతికి పట్టుకునేది. కేపీపీపీ ఒక చిన్న కిటికీలో నంబరు, పేరు, పాస్‌వర్డ్ అడిగేది. 2005 జనవరిలో బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ మొదలయ్యాక కీచుశబ్దం మెల్లగా వినిపించకుండా పోయింది. డయలప్ విద్య మాత్రం వృథా కాలేదు. 2010 ప్రాంతాల్లో వచ్చిన యూఎస్‌బీ డాటాకార్డులు లినక్స్‌కి టీటీవైయూఎస్‌బీ0గా కనిపించేవి. ఏటీ ఆజ్ఞలు అవే, తిప్పే నంబరు మాత్రం *99#. ఎన్నో బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లలో పేరూ పాస్‌వర్డూ అడిగింది కూడా పీపీపీ వారసుడే.

కుర్చీ పేరు నుంచి మనిషి పేరుకి

డిస్కుల పేర్లకూ కాలం కలిసొచ్చింది, కాకపోతే ముందు ఒక కుదుపు ఇచ్చి. పట్టీ కేబుళ్ల స్థానంలో సన్నని సాటా కేబుళ్లు వచ్చాయి. లినక్స్ కూడా డిస్కులన్నిటికీ ఒకే కొత్త డ్రైవర్ వాడటం మొదలుపెట్టింది. 2007లో వచ్చిన ఫెడోరా 7 లాంటి వాటిలో హెచ్‌డీఏ ఉన్నట్టుండి ఎస్‌డీఏ అయింది. పాత పేరు రాసిపెట్టుకున్న కంప్యూటర్లు అప్‌గ్రేడ్ కాగానే 'నా డిస్కు ఏది?' అని ఆగిపోయే పరిస్థితి. పైగా ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అన్నవి ఏ డిస్కు ముందు కనిపిస్తే దానికి దక్కే పేర్లు. పెన్‌డ్రైవ్ గుచ్చి ఆన్ చేస్తే వరస తారుమారు కావచ్చు.

పరిష్కారం? కుర్చీకి కాకుండా కూర్చున్నవారికి పేరు పెట్టడం. ప్రతి లినక్స్ పాయకూ ఫార్మాట్ చేసినప్పుడు యూయూఐడీ అనే 32 అక్షరాలంకెల గుర్తింపు పడుతుంది. ఇల్లు మారినా ఆధార్ నంబరు మారనట్టే, కేబుల్ మారినా అది మారదు. మళ్లీ ఫార్మాట్ చేస్తే మాత్రం కొత్త జన్మే, కొత్త నంబరే. ఇప్పటి లినక్స్‌లు తమ పాయలను ఈ నంబరుతోనే గుర్తుపడతాయి. మనిషి చదవడానికి తేలికైన పేరు హెచ్‌డీఏ5. యంత్రం పొరబడకుండా ఉండే పేరు యూయూఐడీ. రెండూ అవసరమేనని తెలియడానికి పదిహేనేళ్లు పట్టింది.

మళ్లీ ఇప్పుడెందుకు?

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ముగిసింది. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు, కొత్త తరం ప్రాసెసర్ కావాలి. అవి లేని కంప్యూటర్లు ఎన్నో ఇళ్లలో బాగానే పనిచేస్తూ ఉన్నాయి. పిల్లల చదువుకో, ఇంటి లెక్కలకో వాటిని లినక్స్‌తో నడిపించుకోవచ్చు. తెలుగు తెరలు కూడా ఉన్నాయి. హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ, ఎందరో ఔత్సాహికులు ఏళ్ల తరబడి అనువాదాలు చేశారు. డెబియన్ ఇన్‌స్టాలర్ భాషల్లో తెలుగూ ఒకటి. భాష ఏదైనా డిస్కు పేరు మాత్రం మారదు. అది చదవడం మనమే నేర్చుకోవాలి.

ప్రమాదం రూపు మార్చుకుందంతే. ఇప్పుడు సీడీ బదులు పెన్‌డ్రైవ్. లినక్స్‌ని దాని మీదికి ఎక్కించేటప్పుడు పెన్‌డ్రైవ్ పేరు బదులు డిస్కు పేరు రాస్తే నిమిషంలో అంతా తుడిచిపెట్టుకుపోతుంది. పాత పాఠాల్లో 'ఎస్‌డీఏ అంటే లోపలి డిస్కు' అని ఉంటుంది. కొత్త ల్యాప్‌టాప్‌లో లోపలి డిస్కు ఎన్‌వీఎంఈ0ఎన్1 కావచ్చు, గుచ్చిన పెన్‌డ్రైవే ఎస్‌డీఏ కావచ్చు. అంటే పాఠం తిరగబడింది!

ఎంటర్ నొక్కే ముందు...

1. ఫొటోలు, లెక్కలు, సర్టిఫికెట్లు వేరే డిస్కులోకి నకలు తీసుకోండి. తీశాక, ఒకటి రెండు ఫైళ్లు తెరిచి చూడండి.

2. విండోస్‌లో ప్రతి డ్రైవ్ పరిమాణం, ఎంత నిండిందీ కాగితం మీద రాయండి. 500 జీబీ డిస్కు తెర మీద 465గా కనిపిస్తుంది. లెక్కపెట్టే పద్ధతిలో తేడా అది, భయపడక్కర్లేదు.

3. డిస్కుకి బిట్‌లాకర్ తాళం ఉందేమో చూడండి. ఉంటే రికవరీ కీ రాసిపెట్టుకున్నాకే ముందుకెళ్లండి.

4. లినక్స్‌ని ముందు పెన్‌డ్రైవ్ మీదే నడిపి చూడండి. వైఫై, శబ్దం పనిచేస్తున్నాయో లేదో ఇన్‌స్టాల్ చేయకుండానే తెలుస్తుంది. విన్‌మోడెమ్ కాలం నేర్పిన జాగ్రత్త ఇదే.

5. 'ఎల్ఎస్‌బీఎల్‌కే' అనే ఆజ్ఞ కొడితే డిస్కులు, పాయలు, పరిమాణాలు వరసగా కనిపిస్తాయి. కాగితంతో పోల్చండి. పెన్‌డ్రైవ్ తీసి ఒకసారి, పెట్టి ఒకసారి చూస్తే ఏ పేరు దానిదో తేలిపోతుంది.

6. లినక్స్ పాయలున్న బయటి డిస్కుని విండోస్‌కి తగిలిస్తే 'ఫార్మాట్ చేయాలి' అని అడగవచ్చు. దానికి ఆ పాయ చదవడం రాదు, అంతే. వద్దనండి.

7. 'డిస్కు మొత్తం చెరిపేయి' అన్న దారి ఎప్పుడూ తేలిగ్గానే కనిపిస్తుంది. ఆ డిస్కులో ఏమీ లేదని కచ్చితంగా తెలిస్తేనే ఎంచుకోండి.

ఇంతకీ మన కుర్రాడు ఏం చేశాడు? ఎంటర్ మీద పెట్టిన వేలు తీసేశాడనుకుందాం. మళ్లీ విండోస్‌లోకి వెళ్లి డీ ఎంత, ఈ ఎంత అని రాసుకొచ్చాడు. కాగితం ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో హెచ్‌డీఏ6ని ఎంచుకున్నాడు. ఆ రాత్రి అయిదు మెట్లూ ఎక్కి, బాబాయికి తన మొదటి ఉత్తరం లినక్స్ నుంచే పంపాడు. అక్క ఫొటోలు ఎక్కడివక్కడే ఉన్నాయి.

రేవులో పంటు ఎక్కేముందు అవతలి ఊరు ఏదో ఒకసారి అడుగుతారు. అలా అడిగినవాడిని ఎవరూ నవ్వరు. అడగకుండా ఎక్కినవాడే మళ్లీ వెనక్కి రావాలి. కంప్యూటరులో అలా వెనక్కి తెచ్చే పంటు అన్నిసార్లూ ఉండదు. అందుకే... ఎక్కేముందే పేరు అడగాలి!